బలము బ్యాటులోనిదా, చేతిలోనిదా?

హైదరాబాదు నగరమునకు తూర్పువైపున దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, కొత్తపేటల నడుమ గడ్డిఅన్నారము అను పేట గలదు. ఒకప్పుడది గ్రామము, తరువాత పురపాలక సంఘమై, 2007లో మహానగరపాలికలో కలిసిపోయినది. చాలకాలము ఆ పేరు చెప్పగానే జనులకు స్ఫురించినది పండ్ల మార్కెట్టు, వేసవిలో బారులు తీరిన మామిడికాయల లారీలు. ఆ మార్కెట్టును 2021-22 ప్రాంతమున నగరము వెలుపలి బాటసింగారమునకు తరలించినారు. పేరులోని గడ్డి మాత్రము ఇప్పుడు వెదకినను కనిపించదు. ఐనను సెలవుదినమున ఆ సందులలో నడచి చూడుడు: రెండు ఇటుకలు నిలువబెట్టి, ఒక బ్యాటు, ఒక టెన్నిసు బంతి సంపాదించుకొని క్రికెట్టు ఆడని సందు ఉండదు. ఆట ఎంత సేపో, తగవు అంత సేపు. “నీది ఇంగ్లీషు విల్లో రా, అందుకే మేడ దాటింది!” అని ఒకడు. “బ్యాటుదేముంది? నీకు కొట్టడం రాదని చెప్పు!” అని మఱొకడు.

ఈ తగవు సందులో ముగియదు. ఇంటికి వచ్చి తండ్రి జేబు తడుమును. కాశ్మీరు విల్లో బ్యాటు సామాన్య గృహస్థు కొనదగినది. మేలిరకపు ఇంగ్లీషు విల్లో బ్యాటు చిన్న ఉద్యోగి నెలజీతమును మ్రింగివేయగలదు. కొడుకు ఆశ ఒకవైపు, ఇంటి ఖర్చు ఒకవైపు నిలిచినప్పుడు, ఆ కఱ్ఱలో నిజముగా అంత మహిమ ఉన్నదా అను ప్రశ్న వినోదమునకు వేసినది కాదు. దీనికి చరిత్ర ఏమి చెప్పుచున్నదో, అందునను మన తెలుగువారి చరిత్ర ఏమి చెప్పుచున్నదో పరిశీలింతము.

మొదట మన కొట్టారి కనకయ్య నాయుడుగారిని తలచుకొనవలెను. సి.కె. నాయుడుగా లోకము ఎఱిగిన ఆయన 1895 అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించినారు. మచిలీపట్టణ ప్రాంతము నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబము వారిది. 1916లో హిందువుల జట్టు తరఫున యూరోపియనులపై తొలిసారి పెద్ద పందెమునకు దిగినప్పుడు మూడు బంతులను మర్యాదగా ఆపి, నాలుగవ బంతిని సిక్సరుగా కొట్టి పరుగుల ఖాతా తెఱచినారని చెప్పుదురు. వికెట్లు వరుసగా పడిపోవుచున్న వేళ ఏడుగురి తరువాత వచ్చిన కుఱ్ఱవాని తొలి పరుగులవి!

కాని అసలు ఘట్టము 1926లో జరిగినది. ఆర్థర్ గిలిగన్ నాయకత్వమున ఎం.సి.సి. జట్టు భారతదేశమునకు వచ్చి, బొంబాయి జింఖానా మైదానమున హిందువుల జట్టుతో తలపడినది. ఆంగ్లేయుల పక్షమున గై ఎర్ల్ అను ఆజానుబాహువు 130 పరుగులు చేసినాడు. అందులో ఎనిమిది సిక్సరులు. ఇక చూడవలసినది ఏమున్నదని ప్రేక్షకులు అనుకొని ఉందురు. మఱునాడు, డిసెంబరు 1వ తేదీన, నాయుడుగారు దిగినారు. రెండు గంటలకు నాలుగు నిమిషములు తక్కువగా క్రీజులో నిలిచి, 153 పరుగులు చేసినారు. పదునొకండు సిక్సరులు, పదమూడు బౌండరీలు. వార్త ఊరిలో ప్రాకి, కార్యాలయములు విడిచి వచ్చినవారు, చెట్లెక్కినవారు, మేడలెక్కినవారు కొల్లలని ఆనాటివారు చెప్పుకొన్నారు. ఎం.సి.సి. వారు ఆయనకు ఒక వెండి బ్యాటును బహూకరించినారు. బంతిని కొట్టుటకు ఏమాత్రము పనికిరాని బ్యాటు అదొక్కటే కాబోలు!

ఈ ఘట్టమును మా ప్రశ్నకు ముడివేసి చూడుడు. మైదానము ఒక్కటి, ఋతువు ఒక్కటి, నడుమ ఒక్క రాత్రి. ఎర్ల్ దేహబలమునకు పేరుపొందినవాడు. నాయుడుగారు పొడగరియే కాని మల్లుడు కాడు. నిటారైన సన్నని శరీరము, దీర్ఘమైన బాహువులు. ఆనాటి బ్యాట్లు నేటివానివలె లావైనవి కావు. వాని అంచులు పలుచనివి, వెన్ను సన్ననిది. నేటి కుఱ్ఱవాని చేతికి అట్టిది ఇచ్చినచో దానిని తిరగేసి చూచి పెదవి విఱుచును. అట్టి కఱ్ఱతో ఒకే పందెములో ఇద్దఱు పందొమ్మిదిసార్లు బంతిని హద్దు దాటించినారు.

1932లో ఇంగ్లండుకు వెళ్ళిన జట్టుకు, లార్డ్స్‌లో మన దేశము ఆడిన మొట్టమొదటి టెస్టుకు, నాయుడుగారే నాయకులు. ఆ టెస్టులో బంతిని ఆపబోయి చేతికి గాయము చేసికొన్నారు. ఆ గాయపడిన చేతితోనే తొలి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసినారు. జట్టులో అదే అందఱికంటె హెచ్చు. ఆ వేసవిలో ఆయన కొట్టిన సిక్సరులు 32 అని లెక్క. బర్మింగ్‌హామ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ మైదానమున కొట్టిన ఒక దెబ్బకు బంతి రే నదిని దాటి ఒక జిల్లా నుండి మఱొక జిల్లాలో పడినదని ఒక కథ ప్రచారములో ఉన్నది. ఆ బంతి వెంట టేపు పట్టుకొని ఎవరును పోలేదు గనుక మేము దానిని కథగానే చెప్పుచున్నాము. అట్టి కథలు అందఱిమీద పుట్టవు అనునది మాత్రము నిజము. 1933లో విజ్డెన్ గ్రంథము ఆయనను ఆ యేటి అయిదుగురు శ్రేష్ఠులలో ఒకరిగా ఎన్నుకొన్నది.

ఆయనకు సరిగా ఎదురుగా నిలుపదగినవారు మఱొక తెలుగు ప్రముఖులు: విజయనగర మహారాజకుమారులు, క్రికెట్టు లోకమునకు ‘విజ్జీ’. ధనమునకు, క్రీడాభిమానమునకు వారికి లోటు లేదు. 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లంతటి దిగ్దంతులను ఇంగ్లండు నుండి రప్పించి తమ జట్టులో ఆడించినారు. ప్రపంచమున ఎచ్చట ఏ చెట్టు నుండి ఏ బ్యాటు తయారైనను వారు కోరినచో మఱునాడే ఓడ ఎక్కును. 1936లో ఇంగ్లండుపై భారత జట్టుకు నాయకులై మూడు టెస్టులు ఆడినారు. మూడింటిలోను కలిపి వారు చేసిన పరుగులు 33. తరువాతి కాలమున వారు రేడియోలో క్రికెట్టు వ్యాఖ్యానము చేసి శ్రోతలను అలరించినారు గనుక మా వృత్తివారి పట్ల మాకుండవలసిన గౌరవము మాకు గలదు. ఐనను చరిత్ర అడిగినప్పుడు అంకెను దాచలేము.

“ఆడలేక మద్దెల ఓడు” అను సామెత ఇక్కడ చెప్పి చేతులు దులుపుకొనవచ్చును. కాని అది కఱ్ఱకు అన్యాయము. మద్దెల నిజముగా ఓటిదైనచో ఎంతటి విద్వాంసుడును ఏమి చేయగలడు? కఱ్ఱ చేయుచున్న పని ఏదో, చేయి చేయుచున్న పని ఏదో వేఱుచేసి చూడవలెను.

బ్యాటు, బంతి ఒకదానినొకటి అంటియుండు కాలము సెకనులో సుమారు వేయవ వంతు. కన్ను ఱెప్ప వేయుటకు ఇంతకు వందరెట్ల కాలము పట్టును. ఆ క్షణములో చేతికి ఏమియు చేయుటకు వ్యవధి లేదు. తగిలిన తరువాత ఎంత గట్టిగా నెట్టినను, బంతి అప్పటికే వెళ్ళిపోయినది. చేయి చేయవలసినదంతయు తగులకమునుపే ముగియవలెను: బ్యాటునకు ఎంత వేగమిచ్చినాము, దాని ఏ భాగమును బంతి మార్గమునకు తెచ్చినాము అను రెండు విషయములు చేతివి. ఆ వేయవ వంతు సెకను మాత్రము కఱ్ఱది. అప్పుడు కఱ్ఱ ఎంత నలుగును, ఎంత కంపించును, ఎంత శక్తిని తిరిగి ఇచ్చును అనునది దాని గుణము.

ఒక ఉజ్జాయింపు లెక్క చూతము. కదలని బ్యాటునకు తగిలిన బంతి తాను వచ్చిన వేగములో అయిదవ వంతుతో వెనుదిరుగునని అనుకొందము. గంటకు 100 కిలోమీటర్ల వేగముతో బంతి వచ్చినది. బ్యాటు 80 కిలోమీటర్ల వేగముతో ఎదురేగినది. రెండును కలిసిన వేగము 180. అందులో అయిదవ వంతు 36. దానికి బ్యాటు సొంత వేగము 80 కలుపగా 116 కిలోమీటర్ల వేగముతో బంతి పోవును. ఇప్పుడు అదే బ్యాటును ఆటగాడు 10 కిలోమీటర్లు హెచ్చువేగముతో త్రిప్పినచో, అదే పద్ధతిని 128 వచ్చును. త్రిప్పుటలో మార్పు లేక, కఱ్ఱ మాత్రము మెఱుగైనదై నూటికి 20 పాళ్ళకు బదులు 22 పాళ్ళు తిరిగి ఇచ్చినదనుకొన్నచో, వేగము 120కి ఇంచుమించుగా చేరును. కఱ్ఱ సాయము శూన్యము కాదు. చేతి సాయము దానికంటె అధికము. ఇక బంతి బ్యాటు నడిబొడ్డున తగులక అంచునకో, కాలికొనకో తగిలినచో ఎసెక్సు చెట్టైనను, రాజులు కొన్న బ్యాటైనను ఆదుకొనలేదు. ఆ తప్పు చేయి తెలియచెప్పు మణికట్టు జలదరింపు ఆడినవారందఱికి అనుభవమే.

కఱ్ఱ పుట్టుక సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది. మన ఇండ్లలో దూలమునకైనను, బండి ఇరుసునకైనను, రోకలికైనను వడ్రంగి చూచునది చేవ. చేవ అను మాటకు కఱ్ఱ గర్భమని, బలమని రెండర్థములును ఉన్నవి. మన భాషలో అవి రెండును ఒక్కటే. కాని క్రికెట్టు బ్యాటు విషయమున ఈ సూత్రము తలక్రిందులైనది. అక్కడ కోరునది చేవ ఎఱుపెక్కిన గట్టికఱ్ఱ కాదు; తేలికగా, తెల్లగా, గోటితో నొక్కిన దిగబడునంత మెత్తగా ఉండు పైమాను. ఆ మెత్తని కఱ్ఱ ముఖమును ఇనుప దిమ్మెల నడుమ అదిమి గట్టిపఱచి, అవిసె నూనె పట్టించి, సుత్తి వంటి కొయ్యతో గంటలకొలది తట్టి బంతికి సిద్ధము చేయుదురు. ఇంగ్లండులోని ఎసెక్సు, సఫోకు ప్రాంతముల తేమనేలలలో ఈ విల్లో చెట్టు పదునైదు, ఇరువది సంవత్సరములలో నఱుకుటకు వచ్చును. త్వరగా పెరుగుట వలన కఱ్ఱ తేలిక.

కాశ్మీరు విల్లో కూడ అదే జాతికి చెందిన చెట్టు. పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయుల చొరవతో అక్కడ విరివిగా వ్యాపించినదని చెప్పుదురు. నేలయు, చలియు వేఱగుట వలన ఆ కఱ్ఱ సాంద్రము, కొంచెము బరువు, రంగు గోధుమవన్నె. ఈ బరువులోనే రహస్యమంతయు ఉన్నది. ఒకే ఆకారముగల రెండు బ్యాట్లు చేసినచో కాశ్మీరుది బరువెక్కును. బరువు సమానము చేయవలెనన్నచో కాశ్మీరుదాని వెన్నును, అంచులను పలుచన చేయవలెను. మొదటి దారిలో చేతి వేగము తగ్గును. రెండవ దారిలో బంతి కొంచెము ప్రక్కగా తగిలినప్పుడు దొరకు క్షమాభిక్ష తగ్గును. చెట్టు పుట్టిన ఊరు బంతిమీద నేరుగా పనిచేయుట తక్కువ. అది ఆటగాని భుజముల ద్వారా పనిచేయుచున్నది. పండ్రెండేండ్ల పిల్లవానికి పెద్దవారి ఇంగ్లీషు బ్యాటు కొనిపెట్టుట కంటె వాని చేతికి తగిన తూకముగల కాశ్మీరు బ్యాటు కొనిపెట్టుట మేలు అని మా అభిప్రాయము.

‘ఇంగ్లీషు బ్యాటు’ అను మాటయే ఎంతవఱకు నిజమో ఆలోచింపవలెను. దేశవిభజనకు ముందు మన ఉపఖండమున బ్యాట్ల తయారీకి పట్టుగొమ్మ సియాల్‌కోట. 1947లో ఆ నగరము పాకిస్తానుకు పోగా, అచ్చటి హిందూ, సిక్కు పనివారును, వ్యాపారులును ఉలులు, చిత్రికలు మూటగట్టుకొని ఇవతలకు వచ్చి జలంధరులోను, మీరటులోను కొలుములు తిరిగి వెలిగించినట్లు తమ వృత్తిని తిరిగి నిలుపుకొన్నారు. నేడు ప్రపంచపు గొప్ప ఆటగాండ్రు పట్టు బ్యాట్లలో అనేకము ఆ ఊళ్ళలో చెక్కినవే. చెట్టు ఎసెక్సుది, పిడికి వాడు పేము ఆగ్నేయాసియా అడవులది, చెక్కిన చేయి మీరటు వడ్రంగిది. దానిమీద అంటించిన కాగితము చూచి దాని జన్మస్థలము నిర్ణయించుట ఎట్లు?

ఇంకను వెనుకకు పోయినచో బ్యాటు ఆకారమునే ఆటతీరు నిర్ణయించినదని తెలియుచున్నది. పద్దెనిమిదవ శతాబ్దపు తొలినాళ్ళలో బంతిని నేలవెంట దొర్లించెడివారు. అందుకు తగినట్లు బ్యాటు కొన వంగి హాకీ కఱ్ఱవలె ఉండెడిది. బంతిని గాలిలో ఎగురవేసి నేల తగిలించి విసరుట అలవాటైన తరువాత తిన్నని బ్యాటు పుట్టినది. 1771లో రీగేటుకు చెందిన థామస్ వైట్ వికెట్లను కప్పివేయునంతటి వెడల్పు బ్యాటుతో దిగగా, ప్రత్యర్థులు గగ్గోలు పెట్టిరి. 1774 నాటి నియమములలో వెడల్పునకు నాలుగుంబావు అంగుళముల హద్దు ఏర్పడినది. ఆ హద్దు నేటికిని చెక్కుచెదరలేదు. 1979లో డెన్నిస్ లిల్లీ పెర్త్‌లో అల్యూమినియము బ్యాటు పట్టుకొని వచ్చినప్పుడు పుట్టిన రభస వలన, మఱుసటి యేట బ్యాటు కఱ్ఱదే కావలెనని స్పష్టముగా వ్రాసినారు. 2017 అక్టోబరు నుండి అంచు 40, వెన్ను 67 మిల్లీమీటర్లను మించరాదు. 2025 ఐ.పి.ఎల్. పోటీలలో అంపైర్లు మైదానము మధ్యనే కొలత చట్రములో బ్యాటును దూర్చి చూచుట మన శ్రోతలలో చాలమంది టెలివిజనులో చూచియే ఉందురు. బ్యాటులో బలమే లేనిచో ఈ చట్రములు ఎందుకని అడుగువారికి మేము అడ్డు చెప్పము. సన్నని బ్యాటునకు అంచున తగిలి క్యాచియైన దెబ్బ, లావు బ్యాటునకు తగిలి హద్దు దాటుచున్నది. బౌలర్ల మొఱ న్యాయమైనదే.

గడ్డిఅన్నారమునకు కొద్ది మైళ్ళ దూరముననున్న ఉప్పల్ స్టేడియమున 2024 మార్చి 27వ తేదీన సన్‌రైజర్స్ జట్టు, ముంబయి జట్టు కలిసి ఒక్క రాత్రిలో 38 సిక్సరులు కొట్టినవి. దీనిని చూచి బ్యాట్ల మహిమ అనువారున్నారు. లావు బ్యాట్లు, లోపలికి జరిగిన హద్దు త్రాళ్ళు, బల్లపరుపు పిచ్చి, ఇరువది ఓవర్ల తొందర: అన్నియు కలిసిన ఫలమది. ఆ జట్టులోని అభిషేక్ శర్మ అదే సంవత్సరము జులైలో హరారేలో భారతదేశము తరఫున తొలి పందెము ఆడి సున్నకు ఔటైనాడు. మఱునాడు శుభ్‌మన్ గిల్ బ్యాటు ఎరవు పుచ్చుకొని సెంచరీ చేసినాడు. ఈ ఉదాహరణ ఇరుపక్షముల వారికిని పనికివచ్చును! ఎరవు బ్యాటు పుణ్యమని ఒకరు, ఎవరి బ్యాటైతేనేమి చేయి అతనిదేగదా అని మఱొకరు. మేము రెండవ పక్షము వారము. ఎందుకనగా ఆ బ్యాటు మనలో ఎవరికైనను ఎరవు ఇచ్చి చూచినచో తెలియును.

మన హైదరాబాదు సంప్రదాయము ఎన్నడును బండబలము మీద ఆధారపడినది కాదు. జయసింహ, అజరుద్దీన్, లక్ష్మణ్: ముగ్గురిలో ఎవరును కండలు చూపి భయపెట్టినవారు కారు. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియాపై వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 281 పరుగులలో బౌండరీలు 44, సిక్సరులు ఒక్కటియు లేవు. లెగ్ సైడు బయట పడి లోపల తిరుగవలసిన షేన్ వార్న్ బంతులను ముందుకు ఉఱికి, కవర్లలోనికి పంపినప్పుడు, బంతి గడ్డిమీద జారిపోవుట చూచినవారికి అక్కడ పనిచేసినది చూపు, పాదము, మణికట్టు అను మూడును కుదిరిన ముహూర్తమని తెలిసియే యుండును. ఆ ముహూర్తమును ఆంగ్లేయులు టైమింగ్ అందురు. మనము బిళ్ళంగోడు ఆడిన దినములలోనే దానిని ఎఱుగుదుము. చింతబరికెయో, వేపకొమ్మయో చేతికి దొరకినదే గోడు. ఐనను బిళ్ళను చెఱువుగట్టు దాటించువాడు ఊరికొకడు ఉండెడివాడు.

కాశ్మీరు బ్యాటు విషయములో ఒక కొత్త అధ్యాయము మన కాలమున మొదలైనది. అనంతనాగు జిల్లాలో సంగమము, బిజ్‌బెహారా పరిసరములలో జమ్మూ-శ్రీనగరు రహదారి వెంట విల్లో ముక్కలు గోపురములవలె పేర్చి ఎండబెట్టియుండును. అచ్చటి బ్యాట్లు దశాబ్దములపాటు పిల్లలకు, టెన్నిసు బంతికి మాత్రమే తగినవను పేరు మోసినవి. 2021లో టీ20 ప్రపంచకప్పునకు ఒమాను ఆటగాండ్రు కొందఱు ఆ లోయలో చెక్కిన బ్యాట్లతో దిగినారు. 2022 ప్రపంచకప్పులో యు.ఏ.ఇ. జట్టుకు చెందిన జునైద్ సిద్దికీ శ్రీలంక ఫాస్టు బౌలరు చమీర బంతిని 109 మీటర్ల దూరము కొట్టినాడు. అతని చేతిలోనిది కాశ్మీరు విల్లో అని పత్రికలు వ్రాసినవి. జునైద్ బ్యాట్స్‌మన్ కూడ కాడు, బౌలరు.

కీర్తి వచ్చిన వేళకు చెట్టు కరవగుచున్నది. రైతులు విల్లోకు బదులు త్వరగా డబ్బు తెచ్చు పాప్లర్ చెట్లను నాటుచున్నారు. కఱ్ఱను బయటికి తరలింపకుండ జమ్మూకాశ్మీరు ప్రభుత్వము 2000 సంవత్సరములోనే ఒక శాసనము చేసినది కాని, నఱికినంత నాటినవారు లేరు. ఇప్పుడు నాటిన మొక్క బ్యాటు కావలెనన్నచో, నేడు గడ్డిఅన్నారపు సందులో బ్యాటు పట్టుకొన్న బాలుడు తన కొడుకునకు బ్యాటు కొనవలసిన ఈడు వచ్చును.